ఒక చెవి మూతపడిన తరువాత



గత నెలలో మన పత్రిక చదివే ఒక తల్లి నాకు ఉత్తరం వ్రాసింది. ఆమె కుమారునికి పదునాలుగేండ్లు. చిన్ననాటి నుండి చెవి కారుతుండేదట. చివరకు ఆపరేషన్ చేయించారు. పెద్ద అపాయం తప్పినది గాని ఆ చెవికి వినికిడి పూర్తిగా పోయినది. "వాడు బడిలో ఎవరితోను సరిగా మాట్లాడుట లేదు. సెలవులకు వచ్చి, బాయికి ఈతకు పోతానని ఒకటే పట్టు. పంపమంటారా, వద్దంటారా? మీకు కూడా ఒక చెవి వినబడదని విన్నాను గనుక అడుగుచున్నాను" అని ఆమె ప్రశ్న.

ఈ శీర్షికలో నా సొంత సంగతులు వ్రాయుట నాకు అలవాటు లేదు. ఈ నెల మాత్రం వ్రాయక తప్పదు. ఆ అబ్బాయి నిలిచిన చోట నేనును నిలిచితిని. నాకు అప్పుడు పదునాలుగేండ్లు కావు, అరువదికి దగ్గర. కాని మొండితనంలో తేడా ఏమీ లేదు.

బావి గడ్డ మీద పెరిగినవాడను

మాది నవాబుపేట ప్రాంతం. అనంతగిరి గుట్టలలో పుట్టిన మూసీ మాకు ఎంతో దూరం కాదు. అయినా మా చిన్నతనంలో ఈత అంటే నది కాదు, చెరువు కాదు, మోట బావి. ఎండాకాలం సెలవులలో పిల్లలమందరం బావి గడ్డమీదనే ఉండేవాళ్ళం. నడుముకు ఎండిన సొరబుర్ర కట్టి, మా నాయన నన్ను నీళ్ళలోనికి తోసిన దినం నాకు ఇంకా జ్ఞాపకమే. నాలుగు దినములకు బుర్ర తీసివేసినాను. పదేండ్లకు బావి అడుగు ముట్టి మట్టి తెచ్చి చూపించేవాడిని.

ఆ తరువాత అది ఊరికి పనికివచ్చినది. ఎవరి బిందె జారిపడినా, కొక్కేలకు చిక్కకపోతే నన్నే పిలిచేవారు. కరెంటు మోటార్లు వచ్చినాక, పైపు ఊడి ఫుట్‌వాల్వు అడుగున పడితే అర్ధరాత్రి కూడా వచ్చి తలుపు తట్టేవారు. రెండు నిలువుల నీళ్ళలో కళ్ళు మూసుకొని చేతులతో తడిమి తెచ్చేవాడిని. డబ్బు తీసుకొనలేదు గాని, లోపల గర్వము మాత్రం ఉండేది. ఆ సంగతి దాచను.

నా ఎడమ చెవి కూడా చిన్ననాటి నుండి కారేది. ఇంట్లో వెచ్చని నూనె పోసేవారు, ఉల్లిగడ్డ రసం పిండేవారు. నొప్పి తగ్గితే మరచిపోయేవాళ్ళం. చివరకు దుర్వాసన, తల తిరుగుట మొదలైనప్పుడు వైద్యునికి చూపించితిని. కొలెస్టియటోమా అన్నారు. అంటే చెవిలోపల చర్మం ఉండకూడని చోటికి చొచ్చుకొనిపోయి, పొరలు పొరలుగా పెరిగి, చుట్టూ ఉన్న ఎముకను కొద్దికొద్దిగా తినివేయును. అది పుండు కాదు, క్యాన్సరు కాదు. కాని వదిలివేస్తే ముఖము నరమును, చివరకు మెదడు పొరలను చేరగలదు. మందులతో పోదు. చెవి వెనుక ఎముకను తొలిచి తీసివేయవలసినదే.

2018 జనవరిలో ఆపరేషన్ జరిగినది. వైద్యుడు ముందే చెప్పినాడు: "మొదట ప్రాణం, తరువాత చెవి ఆరిపోవుట, చివరకు వినికిడి. మూడవది నా చేతిలో లేకపోవచ్చు." అలాగే అయినది. కట్టు విప్పిన తరువాత నా భార్య ఎడమ ప్రక్కన కూర్చుండి ఏదో అడిగినదట. నేను గోడను చూస్తూ ఉండిపోయితిని. ఆమె కన్నీరు చూచి విషయం తెలుసుకొంటిని.

ఒక చెవి ఉన్నది కదా అంటారు

"పోనీలే, ఇంకొక చెవి ఉన్నది కదా" అని అందరూ ఓదార్చినారు. నేనును అలాగే అనుకొన్నాను. కాని దేవుడు రెండు చెవులు ఊరకనే ఇవ్వలేదని ఆ సంవత్సరమే నాకు తెలిసినది.

కుడి ప్రక్కనుండి వచ్చే ధ్వని కుడి చెవిని ముందు, ఎడమ చెవిని వెనుక చేరును. ఆ వ్యత్యాసము సెకనులో వెయ్యవ వంతు కంటే తక్కువ. దూరపు చెవికి తల అడ్డు వచ్చుటచేత ధ్వని కొంచెము తగ్గును కూడా. ఇంత చిన్న తేడాను బట్టి మన మెదడు ధ్వని ఎటునుండి వచ్చినదో కనిపెట్టును. పది మంది మాట్లాడుచుండగా మనకు కావలసిన ఒక్కరి మాటను ఏరుకొనుటకు కూడా ఈ రెండు చెవుల లెక్కయే సహాయము. ఒక చెవి పోతే ధ్వని వినబడును గాని దిక్కు తెలియదు. మోటారు సైకిలు హారను వినబడును, అది ముందో వెనుకో తెలియదు. చిట్టిగిద్ద స్టేషన్ దగ్గర రైలు కూత విని నేను తప్పు దిక్కు చూచిన దినమున, ప్రక్కనున్నవారు చెయ్యి పట్టి లాగినారు.

ఇది ఇట్లుండగా సంఘములో ఇంకొక సంగతి జరిగినది. మా గుడిలో నాతో కలిసి పెరిగిన ఒక సహోదరుడున్నాడు. ఆపరేషన్ అయిన కొద్ది నెలలకు ఆయన నాతో మాట్లాడుట మానివేసినాడు. ఎదురైతే తల త్రిప్పుకొనేవాడు. పొలం గట్టు సంగతి ఏదైనా మనసులో పెట్టుకొన్నాడేమోనని నేనును బిగుసుకొంటిని. ఏడాదికి పైగా ఒకే రొట్టెలో, ఒకే పాత్రలో పాలుపొందుచు ఇద్దరము మాట్లాడుకొనలేదు. ఇది వ్రాయుటకు నాకు సిగ్గుగా ఉన్నది.

2019 క్రిస్మసుకు ముందు మా అయ్యగారు మత్తయి సువార్త 18వ అధ్యాయము మీద ప్రసంగించినారు. సహోదరునితో భేదము వచ్చినయెడల నీవే వెళ్ళి అతనితో ఒంటరిగా మాట్లాడుమని ప్రభువు చెప్పిన భాగము. ఆ సాయంత్రం నేను ఆయన ఇంటికి పోయితిని.

"ఏం తప్పు చేసిన తమ్మీ?" అని అడిగినాను.

"గుడి కాడ నాలుగు సార్లు వందనాలు పెట్టిన అన్నా. ఒక్కసారన్న మొఖం తిప్పలే. పట్నం దవఖానకు పోయొచ్చినంక పెద్దోనివి అయినవ్ అనుకున్న" అన్నాడు.

"ఏ ప్రక్క నిలబడి పెట్టినవు?" అన్నాను. ఆయన ఆలోచించి, తన చెయ్యి నా ఎడమ భుజముమీద పెట్టినాడు. అంతే, ఇద్దరమును చాలాసేపు మాట్లాడలేకపోయితిమి.

తప్పు ఆయనది మాత్రమే కాదు. నా చెవి పోయిన సంగతి నేను ఎవరికిని చెప్పలేదు. చెప్పుటకు నామోషీ పడితిని. ఒంటి చెవివాడని అనిపించుకొనుట కంటే గర్విష్ఠి అనిపించుకొనుటకే ఒప్పుకొన్నట్లయినది.

నీళ్ళలో దిక్కు తప్పిన దినము

2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షములు మీకు జ్ఞాపకముండును. ఎన్నో ఏండ్లుగా ఎండిన మా బావి నిండినది. నిండిన బావిని చూచి నేను ఆగలేకపోయితిని. చెవిలోనికి నీళ్ళు పోనివ్వవద్దని వైద్యుడు చెప్పిన మాట ప్రక్కన పెట్టి, ఎవరికీ చెప్పక, ఒక తెల్లవారుజామున దిగితిని. నా బావి, నా నీళ్ళు, నాకేమి భయమనుకొన్నాను.

ఒక్క మునక వేసినాను. చన్నీళ్ళు ఎడమ చెవిలోనికి పోయినవి. మరుక్షణం బావి అంతయు గిర్రున తిరిగినది. పైకి ఈదుచున్నాననుకొని బావి గోడను గ్రుద్దుకొంటిని. ఏది పైనో ఏది క్రిందనో తెలియలేదు. ఊపిరి అయిపోవుచుండగా చేతికి మెట్టు రాయి తగిలినది. దానిని పట్టుకొని ప్రాకి పైకి వచ్చి, గడ్డమీద వాంతి చేసుకొని పడియుంటిని. ఆ మెట్టు నా నైపుణ్యము కాదు. ప్రభువు కృప అంటాను.

వైద్యునికి చెప్పితే, ముందు బాగా చీవాట్లు పెట్టి, తరువాత వివరించినాడు. లోపలి చెవిలో రెండు పనులున్నవి. నత్తగుల్ల వంటి భాగము వినుటకు. దాని ప్రక్కనే అర్ధచంద్రాకారపు మూడు సన్నని గొట్టములు, ద్రవముతో నిండినవి. అవి తల ఎటు తిరుగుచున్నదో మెదడుకు చెప్పును. నా ఎడమ చెవిలో వినికిడి పోయినది గాని, ఈ సమతూకపు భాగము సగము బ్రతికియున్నది. ఆపరేషన్ వలన చెవి లోపల వెడల్పుగా తెరుచుకొని ఉన్నందున చన్నీళ్ళు దాని దగ్గరకు సులభంగా చేరును. గొట్టములోని ద్రవము చల్లబడి కదులును. తల తిరుగకపోయినా తిరుగుచున్నదని మెదడుకు వార్త పోవును.

దీనిని కనిపెట్టినవాడు వియన్నా నగరపు చెవి వైద్యుడు రాబర్ట్ బరానీ. రోగుల చెవులు కడుగునప్పుడు, నీళ్ళు చల్లగా ఉంటే కళ్ళు ఒక వైపునకు, వెచ్చగా ఉంటే మరియొక వైపునకు అదరుట ఆయన గమనించినాడు. ఆ పరిశోధనకు 1914వ సంవత్సరపు నోబెల్ బహుమానము ఇచ్చినారు. ఆ వార్త వచ్చునప్పటికి ఆయన మొదటి ప్రపంచ యుద్ధములో రష్యావారి చేతిలో ఖైదీగా ఉన్నాడు. ఈనాటికిని తలతిరుగుడు రోగులకు ఆ చన్నీళ్ళు, వేడినీళ్ళ పరీక్ష చేయుచున్నారు.

వైద్యుడు ఇంకొక మాట చెప్పినాడు. "నేలమీద మీ కళ్ళు, మీ పాదములు ఆ లోటు పూడ్చుచున్నవి. నీళ్ళలో పాదము క్రింద నేల లేదు. కళ్ళు మూసుకొంటిరి. ఇక మీకు మిగిలినదేమి?"

లోతు వద్దు, నీళ్ళు వద్దనలేదు

"అయితే ఇక ఈత లేదా?" అని అడిగితిని. ఆయన లోతును, నీళ్ళను వేరుచేసి చెప్పినాడు.

నీళ్ళలో ప్రతి 10 మీటర్ల లోతునకు, అనగా సుమారు 33 అడుగులకు, మన మీద ఇంకొక వాయుమండలమంత ఒత్తిడి పెరుగును. నాలుగైదు అడుగులు మునిగితేనే చెవిలో నొప్పి తెలియును. ముక్కు మూసుకొని మెల్లగా గాలి ఊదితే లోపలి ఒత్తిడి సమానమగును. ఈ పద్ధతికి పాతకాలపు ఇటలీ వైద్యుడు వల్సాల్వా పేరు పెట్టినారు. మేము బావులలో ఆయన పేరు తెలియకుండానే చేసేవాళ్ళం. సరిగా చేయకపోయినా, పడిశముతో దిగినా, గట్టిగా ఊదినా కర్ణభేరి చినిగిపోవచ్చు. లోపలి చెవి కూడా దెబ్బతినవచ్చు. రెండు చెవులున్నవారికి అది ఒక దెబ్బ. ఒకే చెవి ఉన్నవానికి అది పూర్తి చెవుడు.

వీపున గాలి సిలిండరు కట్టుకొని సముద్రములో దిగే స్కూబా డైవింగ్ ఇప్పుడు మన విశాఖపట్నం తీరమున, అండమాన్ దీవులలో నేర్పుచున్నారు. ఆ పరికరమును 1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో, గాన్యాన్ అనువారు తయారుచేసినారు. ఒక చెవి పూర్తిగా పోయినవారు మిగిలిన చెవిని కాపాడుకొనుటకు దానికి దూరముగా ఉండుట మేలని వైద్యులు సాధారణముగా చెప్పుదురు. బావి అడుగుకు కూడా అదే లెక్క. సిలిండరున్నా లేకపోయినా ఒత్తిడి ఒకటే. తిరిగి దిగదలచినవారు చెవి వైద్యుని పరీక్ష, అనుమతి లేకుండా దిగనేకూడదు.

వైద్యుడు నాకు పెట్టిన షరతులు ఇవి: అడుగు ముట్టుట ఇక లేదు. తల నీటిపైననే ఉండవలెను. చెవికి కొలత తీసి చేసిన సిలికాన్ బిరడా, దానిపైన పట్టీ ఉండవలెను. ఆ బిరడా నీటిపైన ఈదుటకే గాని మునుగుటకు కాదు, ఏలయనగా లోతులో అదియే లోపలికి నొక్కుకొనును. చన్నీళ్ళలో, చీకటిలో, ఒంటరిగా దిగరాదు.

ఒంటరిగా దిగరాదన్నప్పుడు నాకు గుర్తుకు వచ్చినది ఆ సహోదరుడే. 2021 మార్చిలో ఒక మధ్యాహ్నం, నీళ్ళు వెచ్చబడినాక, నా నడుముకు తాడు కట్టి దాని కొన ఆయన చేతికి ఇచ్చితిని. ఆయన మెట్లమీద నా కుడి ప్రక్కన కూర్చున్నాడు. నా మనుమడు సొరబుర్రకు బదులు ప్లాస్టిక్ డబ్బా కట్టుకొని నిలిచియున్నాడు. "తాతా, నువ్వు దిగితేనే నేను దిగుత" అన్నాడు. దిగినాము. బావి చుట్టూ ఒక్క చుట్టు ఈదినాను. అడుగును చూడలేదు. చూడవలెననిపించలేదు అంటే అబద్ధమగును.

ఆ దినం ఒక సంగతి గమనించితిని. తరువాత అడిగి తెలుసుకొంటిని. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. నీళ్ళలో సుమారు 1500 మీటర్లు, అనగా నాలుగింతలకు పైగా. అంత వేగమునకు రెండు చెవులకు మధ్య తేడా మెదడుకు దొరకదు. నీళ్ళలో మునిగినవాడు, రెండు చెవులు బాగున్నవాడైనా, ధ్వని ఎటునుండి వచ్చినదో చెప్పుట కష్టము. అక్కడ అందరును నావంటివారే! అందుకే నీళ్ళలోనికి దిగువారు చెవిని నమ్ముకొనరు, తోడును, తాడును నమ్ముకొందురు.

వాక్యము నాకు చూపినది

మార్కు సువార్త 7వ అధ్యాయములో చెవిటివాడొకని ప్రభువు నొద్దకు తెచ్చినారు. ప్రభువు అతనిని జనసమూహములో నుండి ఏకాంతమునకు తీసికొనిపోయిన తరువాతనే ముట్టినాడు. ఇన్నేండ్లు చదివినను ఆ మాట నేను దాటిపోయితిని. గుంపు చెవిటివానికి ఎంత భారమో ప్రభువునకు తెలియును. బాగుచేయుటకు ముందే ఆయన ఆ భారము తీసినాడు.

బాలుడైన సమూయేలు దేవుని స్వరము స్పష్టముగా విన్నాడు, కాని అది ఎటునుండి వచ్చినదో తెలియక మూడు సార్లు ఏలీ యొద్దకు పరుగెత్తినాడు. ఏలీ అతనిని గద్దింపలేదు. ఎటు తిరిగి జవాబియ్యవలెనో నేర్పినాడు. మన ఇండ్లలో తప్పు దిక్కునకు తిరిగేవానిని చూచి నవ్వక, ఏలీ వలె నేర్పుదము.

పట్టబడిన రాత్రి, తన ప్రాణమే పోవుచుండగా, ప్రభువు ప్రధానయాజకుని దాసుని ఒక్క చెవిని బాగుచేసినాడు. "ఇంకొక చెవి ఉన్నది కదా" అని ఆయన అనలేదు. నా చెవి బాగుకాలేదు. ఎందుకు కాలేదని ఆయనను అడిగితిని, ఇప్పటికిని అప్పుడప్పుడు అడుగుదును. కాని ఒక్క చెవి ఆయనకు చిన్న సంగతి కాదని ఆ భాగము చదివినప్పుడెల్ల ధైర్యము తెచ్చుకొనుచున్నాను.

ఇంటివారికి, సంఘమునకు కొన్ని మాటలు

1. చెవి కారుచుంటే నూనె, ఆకు పసరు పోయవద్దు. పుల్లలు పెట్టవద్దు. చెవి వైద్యునికి చూపించండి. అకస్మాత్తుగా ఒక చెవి వినబడకపోతే అదే దినమున పోవలెను. ఆలస్యమైతే మందు పనిచేయు అవకాశము తగ్గును.

2. గవదబిళ్ళలు వచ్చి తగ్గిన పిల్లలకు ఒక చెవి పోవుట కలదు. పిల్లవాడు ఫోను ఎప్పుడును ఒకే చెవికి పెట్టుకొంటే గమనించండి.

3. బడిలో వినబడే చెవి ఉపాధ్యాయుని వైపున ఉండునట్లు ముందు వరుసలో కూర్చుండబెట్టమని అడగండి. గుడిలోను అంతే.

4. వెనుకనుండి పిలువక ఎదురుగా వచ్చి మాట్లాడండి. కరోనా కాలములో మాస్కులు పెదవులు కప్పినప్పుడు మావంటివారు ఎంత ఇబ్బందిపడితిమో చెప్పలేను.

5. వినబడని ప్రక్క ధ్వనిని వినబడే చెవికి చేరవేసే యంత్రములున్నవి. ఎముక ద్వారా ధ్వనిని పంపే పరికరమును స్వీడన్ దేశమున 1977లో మొదటగా అమర్చినారు. ఖరీదు ఎక్కువ. 2016 వికలాంగుల హక్కుల చట్టము వినికిడి లోపమును రెండు చెవులను బట్టి నిర్వచించినది గనుక, ఒక్క చెవి పోయినవారికి ఆ చట్టపు మేళ్ళు దొరుకుట కష్టము. కాబట్టి ఆ భారము కుటుంబము, సంఘము పంచుకొనవలసినదే.

6. పోయినవారు కూడా దాచవద్దు. "నాకు ఈ చెవి వినబడదు, ఈ ప్రక్కకు రండి" అని చెప్పుట సిగ్గు కాదు. చెప్పక నేను ఒక సహోదరుని ఏడాదికి పైగా పోగొట్టుకొంటిని.

ఇక ఆ తల్లికి నా జవాబు. అమ్మా, మొదట బాబును ఆపరేషన్ చేసిన వైద్యుని యొద్దకు తీసికొనిపోయి, నీళ్ళ సంగతి సూటిగా అడగండి. ఆయన వద్దంటే వద్దు, అది చెవికి శిక్ష కాదు, కాపుదల. ఆయన సరేనంటే, లోతునకు కాదు, నీటిపైననే పంపండి. తాడు కట్టండి. తాడు పట్టుకొనుటకు వానితో మాట్లాడే మనిషిని ఒకరిని వాని వినబడే ప్రక్కన కూర్చుండబెట్టండి. వాడు బడిలో మాటలు మానుట నాకు ఈత కంటే పెద్ద సంగతిగా తోచుచున్నది. వాని తోటి పిల్లలకు వాని చెవి సంగతి తెలుసునో లేదో ముందు కనుగొనండి.

ప్రార్థన: ప్రభువా, మేము ఎటు తిరుగవలెనో తెలియని వేళ మా చెయ్యి పట్టుకొనుము. ప్రక్కనున్నవాని మౌనమును గర్వమని తీర్పు తీర్చకుండ మమ్మును కాపాడుము. మాకు మిగిలిన దానిని జాగ్రత్తగా కాచుకొనుటకు జ్ఞానమిమ్ము. ఆమేన్.